పెంకుపురుగు

మా కరగండాలో ఫ్యూజుని ఫ్యూజనరు,
బిరడా అంటారు.
సీసా మూతికి బిగించినట్టే
మీటరు కింద రెండు గుంతల్లోకి
రెండు పింగాణీ బిరడాలు, మర తిప్పి బిగించాలి.
కరెంటు పోయిన రాత్రి
"బిరడాలెగిరాయి, బిరడాలెగిరాయి" అంటూ
చలికోట్లేసుకుని మెట్లమీదికొచ్చేవాళ్ళు జనం,
ఎవరింట్లోనో పెళ్ళయినట్టు.

మూడో అంతస్తు యాకోవ్ వీబే
ముప్పై ఏళ్ళు బొగ్గుగనిలో కరెంటు పని చేసినవాడు.
ఎడమచేతిని జేబులో దోపుకుని
ఒక్క కుడిచేత్తోనే పెట్టె తెరిచేవాడు.
టార్చి పట్టే ఉద్యోగం నాది.
జీతం, రోజుకో మాట.

ఇది ఫేజు, ఇందులోంచి వస్తుంది.
ఇది సున్నా, ఇందులోంచి పోతుంది.
"సున్నాలోకి పోతే ఇంకేం మిగుల్తుంది?" అన్నాను,
లెక్కల పరీక్ష తప్పిన కోపం మీదున్నాను.
"నీ టీ కాగిందిగా" అన్నాడు.
మూడోది నేల.
నేల మన బిల్డింగులోకి రాలేదు,
కట్టినవాళ్ళు మరిచిపోయారు.

మా అమ్మ జిబగుల్ కజాఖులో దాన్ని
కాపాడేది అనేది.
వీబే వాళ్ళ ముసలమ్మ జర్మనులో
భద్రం అనేది.
వీధంతా రష్యనులో మూత అనేది.
చిటికెనవేలంత పింగాణీకి ఇన్ని బారసాలలు!
నా కళ్ళు మాత్రం లోపలి తీగ మీద.
వెంట్రుకంత.

"దీని పనేంటి?"
"చావడం."
అంతకు మించి వివరం చెప్పలేదాయన.

ఆ జనవరిలో సున్నాకి ముప్పైనాలుగు కింద.
అమ్మ రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
టీవీలో మంచుమీద నాట్యం ఆఖరి పోటీ,
ఆ ఎర్రగౌను పిల్ల గాల్లోకి లేచింది,
దిగడం నేను చూళ్ళేదు.
చీకటి.
దుకాణంలో బిరడాలు లేక రెండు నెలలు.

పెరట్లో పెద్దపిల్లలు చెప్పుకునే మాట గుర్తొచ్చింది:
పెంకుపురుగు పెట్టెయ్.
అంటే ఏం లేదు,
చచ్చిన బిరడాకి రాగితీగ చుట్టి
బతికినట్టు నటింపజెయ్యడం.
పాత రేడియో పొట్ట చీల్చి తీగ లాగాను.
వెలుగొచ్చింది!
హీటరు, టీవీ, దీపం, అన్నీ నా మాట విన్నాయి.
పదకొండేళ్ళకే ఇంజనీర్నయిపోయాను.

గంట తర్వాత చేప మాడిన వాసన.
మేం చేప వండి వారమైంది.
గోడకాగితం మీది గులాబీలు
ఒక్కొక్కటే ముసలివవుతున్నాయి.
చెప్పుల్లేకుండా మూడో అంతస్తుకి పరిగెత్తాను.

ఆయన ఎడమచెయ్యి అప్పుడూ జేబులోనే ఉంది.
బిరడా విప్పేశాడు. కాగితం చింపి
గోడలో నిప్పు లేదని తడిమి తడిమి చూశాడు.
తర్వాత ఆ పురుగుని నా అరచేతిలో పెట్టాడు,
ఇంకా వెచ్చగా ఉంది.
"చూడు, దీనికేం కాలేదు.
అదే దీని తప్పు."

అమ్మతో ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు.
పొద్దున అమ్మే గోడని చూసింది,
బీరువాని అక్కడికి జరిపింది.
సాయంత్రం రొట్టె చుట్టే కాగితంలో
ఎక్కడ సంపాదించిందో నాలుగు కొత్త బిరడాలు.

ఇప్పుడు బిరడాల్లేవు.
బూడిదరంగు స్విచ్చులు వరసగా నిలబడ్డాయి,
ఎగరవు, మెడ వాలుస్తాయంతే.
మూడేళ్ళ కింద నేల కూడా వచ్చింది,
పసుపూ ఆకుపచ్చా చారల తీగై.
అయినా మొన్న తొగ్జాన్
కెటిలూ జుట్టారబెట్టే మిషనూ కలిపి వేసినప్పుడు
నా నోట్లోంచి "బిరడాలెగిరాయే!"
"ఏ సీసావి, అమ్మమ్మా?"

ఫోను లైటు పట్టమన్నాను.
పెట్టె తెరిచాను.
నా గౌనుకి జేబు లేదు,
ఎడమచేతిని నడుం వెనక దాచుకున్నాను.
"ఆ చెయ్యికేమైంది?"
లైటు కదపకుండా పట్టవే, అన్నాను.